తండా బాట దగ్గర వేసిన గుడారం

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటివి రాసే ప్రతివాళ్లూ మొదట ఈ మాటే అంటారని తెలుసు. నేను మాత్రం సాక్ష్యంతో అంటాను. మా ఊరు బచ్చన్నపేట దగ్గర, మాది చర్చికి పోయే కుటుంబం. చిన్నప్పుడు పెరట్లో ఏదైనా చప్పుడైతే మా నాయిన ప్రార్థన మొదలుపెట్టేవాడు. నేను టార్చిలైటు పట్టుకుని బయటికి పోయి, పిల్లినో పందికొక్కునో వెళ్లగొట్టి వచ్చేదాన్ని. నాయిన ప్రార్థన అప్పటికింకా సగంలోనే ఉండేది.

తర్వాత జనగామలో ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామ టీచరునయ్యాను. గైడ్స్ బాధ్యత కూడా నాదే. పిల్లలను వెంటబెట్టుకుని గుట్టల కింద, అడవుల్లో, ఒకసారైతే వేరే చోటు దొరక్క శ్మశానం పక్కనే క్యాంపులు పెట్టాను. దయ్యం కనబడిందని ఏడ్చిన పిల్లను చేయి పట్టుకుని తీసుకుపోయి, ముళ్లకంపకు చిక్కుకున్న సిమెంటు సంచిని చూపించి, మళ్లీ తెచ్చి పడుకోబెట్టాను. సుగుణ టీచరుకు భయం లేదని స్కూల్లో అంటారు. ఉన్న మాటే అంటారు.

కాబట్టి నేను చెప్పబోయేది దయ్యం కథ కాదు. తిండి మానేసి చావుకు దగ్గరైన ఒక ముసలామె సంగతి. ఆమె బతకడంలో నా చెయ్యి కూడా ఉంది. అయినా అది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలియదు అనడం నాకు అలవాటు లేని పని, అందుకే ఇన్నాళ్లూ రాయలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. సమ్మెలో బళ్లు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటి రావడం లేదు. మా టీచర్లంతా వంతులవారీగా దీక్షా శిబిరంలో కూర్చున్నాం. నా వంతు అయిపోయింది. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. ఎన్నేళ్ల నుంచో ఒక కోరిక ఉండేది నాకు. లెక్కపెట్టుకోవడానికి పిల్లలు లేకుండా, మెడలో విజిల్ లేకుండా, ఒక్కదాన్నే బండి మీద పోయి, నచ్చిన చోట గుడారం వేసుకుని ఉండాలని. జనగామ నుంచి మహబూబాబాద్, అంటే మా అందరి నోట్లో మానుకోట, అక్కడి నుంచి అడవి దారిలో గణపురం చెరువు, భూపాలపల్లి. ఇదీ నా ఆలోచన.

మా ఆయనకు చెబితే, "బస్సులు లేవు గదనే" అన్నాడు.

"అందుకే పోతున్న. రోడ్డంత నాదే" అన్నాను.

స్కూటీ వెనక కాన్వాసు గుడారం కట్టాను. కాళ్ల దగ్గర కిరోసిన్ స్టౌ, గిన్నె, బియ్యం, పప్పు. అద్దానికి చిన్న జై తెలంగాణ జెండా. ఆ రోజుల్లో జెండా లేకుండా రోడ్డు మీద పోవడం కష్టం. రాస్తారోకో చేసేవాళ్లు జెండా చూస్తేనే దారి ఇచ్చేవాళ్లు.

దేవరుప్పుల దాటి పోయి పోయి తొర్రూరు దగ్గర ఆగిపోయాను. రోడ్డు నడిమధ్యన రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెల్లో కిచిడి. వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినడం అప్పట్లో మా నిరసన. అక్కడి ఆడవాళ్లు తినందే కదలనివ్వమన్నారు.

"ఒక్కదానివే పోతున్నవా అక్కా?"

"ఒక్కదాన్నే."

"మరి మీ సారు?"

"ఇంట్ల వండుకుంటున్నడు."

వాళ్ల నవ్వు తొర్రూరు దాకా వినబడి ఉంటుంది. ఒకామె నా బండి మీది మూట తట్టి చూసి, టెంటా అని అడిగింది. అవునన్నాను. ఎక్కడ దీక్ష, ఎవరు కూర్చుంటున్నారు అంది. దీక్ష కాదు, ఊరికే అడవిలో వేసుకుని ఉంటానని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. ఊరికే టెంటు వేసుకుని కూర్చోవడమేమిటి, దేనికోసమో ఒకదానికి కూర్చోవాలి కదా అని నన్నే నిలదీసింది. ఆమె తప్పు లేదు. ఆ యేడు రోడ్డు పక్కన టెంటు కనబడిందంటే అది దీక్షా శిబిరమే.

ఆ రాత్రి మానుకోటలో నాతో ట్రైనింగు చేసిన ఒక టీచరింట్లో ఉండి, పొద్దున్నే గూడూరు రోడ్డు ఎక్కాను. కొంత దూరం పోయాక ఒక నాలుగు రోడ్ల కూడలిలో చిన్న హోటలు ఉంటే టీ కోసం ఆగాను. ఆ కూడలి పేరు, అక్కడి తండా పేరు రాయను. వాళ్ల ఇంటి సంగతి ఇది. మనుషుల పేర్లు కూడా మార్చే రాస్తున్నాను.

హోటలాయన మల్లయ్య. నేను బండి దిగేసరికి ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. తండాలో ఒకామె పోయేలా ఉందని ఎవరితోనో అంటున్నాడు. ఏమైందని అడిగాను.

ఆమె పేరు సక్రి. లంబాడా ముసలామె. ఆ కూడలిలోనే షామియానా వేసి నిరాహార దీక్షలు నడిపారు. రోజుకు కొందరు పొద్దున మెడలో దండ వేసుకుని కూర్చుంటారు, సాయంత్రం ఎవరైనా పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి దీక్ష విడిపిస్తాడు. మరునాడు ఇంకొందరు. సక్రి కూర్చున్న రోజు మాత్రం అది జరగలేదు.

"నిమ్మరసం ఇయ్యబోయే యాళ్లకే పోలీసులచ్చిర్రు మేడం" అన్నాడు మల్లయ్య. "నాయకులను వ్యాన్ల ఎక్కిచ్చిర్రు, టెంటు పీకిర్రు. గిలాస గిలాసే పాయె. గీమె లేసి ఇంటికి పోయింది. గప్పటిసంది ముద్ద ముడుతలేదు. నా దీక్ష ఎవలు ఇడిపిచ్చిర్రు అంటది."

మొదట నాకు నవ్వు వచ్చింది. తర్వాత రాలేదు. ఎందుకంటే ఆమె చెప్పేది సరైనదే. దీక్షలో కూర్చున్నవాళ్లు తమంతట తాము తింటే మధ్యలో లేచిపోయినట్టే. ఇంకొకరి చేత్తో విడిపించుకోవాలి. ఆమెను కూర్చోబెట్టినవాళ్లు ఆ నియమం చెప్పి కూర్చోబెట్టారు. ఆమె నమ్మింది. మిగతావాళ్లు ఇళ్లకు పోయి అన్నం తిన్నారు, ఈమె తినలేదు.

"ఇంట్ల ఎవలన్న నిమ్మరసం ఇయ్యొచ్చు గదా" అన్నాను.

ఇచ్చారట. ఇంట్లో తాగితే లెక్కకు రాదని, టెంటులో కూర్చునే విడుస్తానని అందట. కొడుకు బాలు వాకిట్లో నాలుగు కట్టెలు పాతి చీర కట్టాడట. ఆమె తల ఎత్తి చూసి "గిది చీర" అని గోడవైపు తిరిగి పడుకుందట. కూడలిలో మళ్లీ టెంటు వేద్దామంటే, షామియానా ఇచ్చినాయన సామానంతా పోలీసు స్టేషన్లోనే ఉంది, ఇంకోసారి ఇవ్వనన్నాడట. మంచినీళ్లు మాత్రం తాగుతోంది. తండాకు వచ్చే ఆర్‌ఎంపీ డాక్టరు సెలైన్ ఎక్కిస్తున్నాడు. పెద్ద దవాఖానకు తీసుకుపోదామంటే లేవలేదు, అంత దూరం వచ్చే వాహనం లేదు, ఆమె ఒప్పుకోదు. ఇక ఎన్నాళ్లో ఉండదని డాక్టరు చెప్పేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంతమంది ఉండి ఒక గుడారం, ఒక నిమ్మకాయ లేక మనిషిని చావనిస్తారా? నా బండి మీద మూట చూపించి, టెంటు నా దగ్గరుంది, దీక్ష నేను విడిపిస్తాను, ఆమెను తీసుకురమ్మని చెప్పండి అన్నాను.

మల్లయ్య నన్ను కిందికీ మీదికీ చూశాడు. పెద్దమనిషి కావాలి కదా అన్నాడు. తర్వాత తనే సర్దుకున్నాడు. "టీచరు గద. సరిపోతది" అన్నాడు.

అక్కడికక్కడే బాలుకు ఫోన్ చేశాడు. తండా బాట వచ్చి రోడ్డులో కలిసే చోట నేను గుడారం వేస్తాను, మధ్యాహ్నం ఆటోలో తల్లిని అక్కడికి తేవాలి. కూడలికి అది దూరమే కాబట్టి పోలీసుల గొడవ ఉండదు. బాలు గొంతు నాకు కూడా వినబడింది. ఏడుస్తూ సరే సరే అన్నాడు. మల్లయ్య నాకు రెండు నిమ్మకాయలు ఇచ్చి, డబ్బు తీసుకోలేదు.

ఆ చోటు బాగుంది. ఒక పక్క పత్తిచేను, ఇంకో పక్క మొక్కజొన్న, వెనక నుంచి తండా బాట. ఆ బాట లోపలికి పోయి ఒక చిన్న వాగు దాటి తండాకు చేరుతుందని మల్లయ్య చెప్పాడు. గుడారం వేయడం నాకు నిద్రలో కూడా వచ్చే పని. మేకులు కొట్టి, తాళ్లు బిగించి, జెండా తీసి ముందు కర్రకు కట్టాను. శిబిరంలా ఉండాలి కదా. లేకపోతే మళ్లీ "గిది గుడ్డ" అంటుందేమోనని నా అనుమానం.

జెండా కట్టడం వల్ల ఇంకొకటి జరిగింది. పత్తి ఏరడానికి వేరే ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్లు మధ్యాహ్నం సద్దులు తిని, శిబిరం అనుకుని నేరుగా వచ్చి కూర్చున్నారు. దీక్షకు ఎవరు కూర్చున్నారని అడిగారు. వచ్చే మనిషి ఉంది, దీక్ష విడిపించాలని చెప్పాను. కూర్చోకముందే విడిపించడమేమిటని ఒకామె ఆటపట్టించింది. వాళ్లలో కమల అనే ఆమెకు నోరు బాగా ఎక్కువ. దండ లేకుండా దీక్షేమిటని, గట్టు మీది తంగేడు పూలు కోసుకొచ్చి పత్తి సంచి దారంతో అల్లడం మొదలుపెట్టింది. నాకు వాళ్లు భలే నచ్చారు.

ఉత్తరం వైపు, అడవి మీద, మబ్బు నల్లగా పట్టింది. దూరంగా ఉరిమింది కూడా. మా దగ్గర ఒక్క చుక్క పడలేదు. రోడ్డు మీద దుమ్ము అలాగే ఉంది.

ఆటో చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆటో రాలేదు. తండా బాట మీద ముసలామె ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది.

నెమ్మదిగా వచ్చింది, కానీ తూలలేదు. పాత లంబాడా రైక, మోచేతి దాకా తెల్ల గాజులు, కాళ్లకు చెప్పులు లేవు. పాదాలకు దుమ్ము. ఎడమ చేతి వెనక దూది పెట్టి అంటించిన తెల్ల ప్లాస్టరు. సెలైన్ సూది తీసి పంపించారనుకున్నాను. ఇంత నీరసంగా ఉన్న మనిషిని నడిపించుకొస్తారా అని బాలు మీద కోపం వచ్చింది. ఆటో ఎక్కడో ఆగిపోయి ఉంటుంది, వెనకే వస్తున్నాడేమో అనుకున్నాను.

"జరుగుండ్రి, అవ్వకు జాగియ్యుండ్రి" అంది కమల. అందరూ జరిగారు. ముసలామె వంగి గుడారంలోకి వచ్చి, కాళ్లు మడిచి, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. కమల ఆమె మెడలో తంగేడు దండ వేసింది. ముసలామె నా వైపే చూస్తోంది.

నిమ్మకాయ కోసి పిండాను. చక్కెర పొట్లం విప్పితే కిరోసిన్ వాసన. స్టౌ పక్కన పెట్టింది నేనే. అది పారేసి ఉప్పు వేశాను. కంగారులో కాస్త ఎక్కువే పడింది. స్టీలు గ్లాసు రెండు చేతులతో ఆమె నోటికి అందించాను. గ్లాసు పట్టుకున్నప్పుడు ఆమె వేళ్లు నా వేళ్లకు తగిలాయి. మామూలు వేళ్లే, పనిచేసిన చేతులు, గరుకుగా ఉన్నాయి. చల్లగా లేవు. అడుగుదాకా తాగింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

"అయిపోయినట్టేనా బిడ్డా?" అని అడిగింది.

"అయిపోయింది అవ్వా. ఇంటికి పోయి తిను" అన్నాను.

దండ తీసి గుడారం కర్రకు తగిలించి లేచింది. బండి మీద దింపుతానంటే వద్దని చెయ్యి ఊపింది. వచ్చిన బాటలోనే పోయింది. మాయమవలేదు, గాలిలో కలవలేదు. మొక్కజొన్న చేను పక్కన బాట మలుపు తిరిగేదాకా ఆమె వీపు మాకు కనబడుతూనే ఉంది. ఆడవాళ్లు మళ్లీ చేనులోకి పోయారు. నేను స్టౌ వెలిగించి టీ పెట్టుకున్నాను. ఒక పని చక్కగా చేశానని నా మీద నాకే ముచ్చటేసింది.

పొద్దు వాలకముందే మల్లయ్య మోపెడ్ మీద వచ్చాడు. దిగుతూనే, "ఏమనుకోకుండ్రి మేడం" అన్నాడు. "మీద వానపడి వాగు నిండుగ పారుతున్నది. మధ్యాహ్నం సంది మనిషి దాటే తీరు లేదు. హోటల్ల గిరాకీ ఇడిసిపెట్టి రాలేకపోయిన. రేపు తీసుకొస్తరట."

ఆమె వచ్చి నిమ్మరసం తాగి పోయిందని చెప్పాను. అతను నవ్వి, ఎవరో వేరే ముసలామె అయ్యుంటుందన్నాడు. ప్లాస్టరు సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ఆమె ఎటు పోయిందని అడిగాడు. బాట చూపించాను.

అప్పుడు నాకు భయమేసింది. దయ్యం ఆలోచనతో కాదు. ఎలాగో వాగు దాటి వచ్చిన మనిషిని, తిండి లేని మనిషిని, నేనే ఇంటికి పొమ్మని మళ్లీ ఆ నీళ్లలోకి పంపాను. దింపుతానని అడిగి, వద్దనగానే ఊరుకున్నాను.

ఇద్దరం ఆ బాట పట్టుకుని పరుగెత్తాం. వాగు దగ్గరికి పోయి చూస్తే ఎర్రటి నీళ్లు ఒడ్డును కోసుకుంటూ పోతున్నాయి. పెద్ద మోదుగ కొమ్మ ఒకటి కొట్టుకుపోతుంటే నేను చూడలేక మొహం తిప్పుకున్నాను. ఒడ్డు వెంట అటూ ఇటూ నడుస్తూ అవ్వా అవ్వా అని అరిచాను. క్యాంపులో పిల్ల తప్పిపోతే ఎలా అరుస్తానో అలా అరిచాను. మల్లయ్య ఒడ్డు మీద బురదంతా చూశాడు. పశువుల గిట్టలున్నాయి. మనిషి అడుగు లేదు. అది చూసి ఇంకా భయమేసింది.

సిగ్నల్ కోసం మల్లయ్య ఒక గట్టెక్కి బాలుకు ఫోన్ చేశాడు. మీ అమ్మ వాగులో పడిందేమోనని ఎలా చెప్పాలో తెలియక ముందు, మీ అమ్మ ఎట్లుంది అని అడిగాడు. అవతలి మాట విని ఫోన్ నా చేతికి ఇచ్చాడు.

"అమ్మ లేసి కూసున్నది మేడం" అంటున్నాడు బాలు. "జొన్న గట్క అడిగింది. తింటున్నది. రేపు మీరు టెంటు ఏసుకొని ఉండకున్న మంచిదే."

నేను వాగు ఒడ్డునే కూలబడ్డాను. కాసేపు ఏడ్చాను, మల్లయ్య అటువైపు తిరిగి నిలబడ్డాడు. గుడారం దగ్గరికి తిరిగి వచ్చేసరికి కర్రకు తంగేడు దండ వేలాడుతోంది, గ్లాసు అడుగున నిమ్మగింజలున్నాయి. అతను రెండూ చూశాడు.

పొద్దున్నకు వాగు తగ్గింది. మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి ఇద్దరం తండాకు పోయాం. రేకుల ఇంటి ముందు మంచంలో ముసలామె గోడకు ఆనుకుని కూర్చుంది. అదే మొహం. అదే రైక. ఎడమ చేతి వెనక అదే ప్లాస్టరు. అక్కడి వరకు నేను, ఎవరో వేరే ముసలామె అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఆ సర్దుబాటు ఇక చెల్లలేదు.

కోడలు సునీత చెప్పింది ఇది. ముందురోజు మధ్యాహ్నం అత్తకు సెలైన్ ఎక్కుతోంది. ఆర్‌ఎంపీ డాక్టరు వాగు పొంగి అక్కడే చిక్కుకుపోయాడు, మంచం పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది, ఎంత పిలిచినా పలకలేదు. డాక్టరు నాడి పట్టుకుని కూర్చున్నాడు. అయిపోయిందని సునీత ఏడుపు మొదలుపెట్టింది. కొంతసేపటికి ఆమె కళ్లు తెరిచి, లేపి కూర్చోబెట్టమని, గట్క పెట్టమని అడిగింది. దగ్గరికి వంగితే నోట్లోంచి నిమ్మకాయ వాసన వచ్చిందట.

"మా ఇంట్ల నిమ్మకాయనే లేదు మేడం" అంది సునీత.

మంచం మీది ముసలామె నా వైపు తిరిగింది. "అందరు చక్కెరేస్తరు బిడ్డా. నువ్వు ఉప్పేసినవ్. అది గూడ దోసెడు" అంది.

ఉప్పు సంగతి నేను మల్లయ్యకు చెప్పలేదు. ఫోన్లో బాలుకు చెప్పలేదు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే నేను ఉప్పు వేస్తుంటే చూసిన ఆ పత్తి ఏరే ఆడవాళ్లే. వాళ్లు సాయంత్రం ట్రాలీ ఆటోలో వాళ్ల ఊరికి పోయారు, వాగు వైపు ఎవరూ రాలేదు.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. డాక్టరును విడిగా కూర్చోబెట్టి, స్కూల్లో దొంగతనం జరిగినప్పుడు పిల్లలను అడిగినట్టు అడిగాను. ఆమె మంచం దిగలేదన్నాడు. చేతిలో సూది ఉంది, సీసా సగం ఉంది, నాడి తన వేళ్ల కింద ఉంది అన్నాడు. నేను వాగు ఎగువన వంతెన ఉందా అని అడిగాను. ఉంది, బండి మీద పోతేనే చాలా దూరమన్నారు. అక్కచెల్లెళ్లున్నారా, ఇలాగే ఉండేవాళ్లెవరైనా ఉన్నారా అని కూడా అడిగాను. సునీతకు నా మీద జాలేసి మంచినీళ్లు ఇచ్చింది.

ఆ మధ్యాహ్నమే గుడారం విప్పి బయల్దేరాను. రామప్ప చూశాను. గణపురం చెరువు కట్ట దగ్గర గుడారం వేసుకున్నాను. భూపాలపల్లి గనుల వైపు పోయే లారీలు కూడా సమ్మెలో ఆగిపోయి ఉండడంతో ఎంత నిశ్శబ్దమో. హాయిగా నిద్రపోయాను. ఇలాంటిది చూశాక ఒక్కదానివే ఎలా పడుకున్నావని అందరూ అడుగుతారు. నన్ను భయపెట్టేది ఏదీ జరగలేదు కదా. వాగు ఒడ్డున భయపడ్డాను, అది చావు భయం. ఆమె బతికే ఉంది. ఇక దేనికి భయపడాలి?

సమ్మె ముగిశాక, ఉద్యమం ఇంకా నడుస్తుండగా, ఒక ఆదివారం పొద్దున బాలు ఫోన్ చేశాడు. కూడలిలో మళ్లీ శిబిరం వేశారు, అమ్మ మళ్లీ కూర్చుంది, వద్దంటే వినలేదు, జనగామ టీచరు వచ్చి విడిపిస్తేనే లేస్తానంటోంది అన్నాడు. తిట్టుకుంటూ బండి తీశాను. మా ఆయన కూడా ఈసారి వెనక ఎక్కాడు, ఆమెను చూడాలని.

సక్రి ఒళ్లు చేసింది. నన్ను చూసి నవ్వింది, పళ్లు సగం లేవు. షామియానా కింద చాలామంది ఉన్నారు. సాయంత్రం నా చేత్తో నిమ్మరసం ఇచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. బాలు అక్కడే ఉన్నాడు, మల్లయ్య ఉన్నాడు. ఇన్నాళ్లూ మిగతావాళ్లందరినీ అడిగాను కానీ ఆమెను మాత్రం అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. మనిషి బలహీనంగా ఉందని ఆ రోజు ఊరుకున్నాను. ఇప్పుడు అడిగేశాను.

"ఆ దినం టెంటు కాడికి ఎట్లచ్చినవ్ అవ్వా?"

నేనేదో పిచ్చిప్రశ్న అడిగినట్టు చూసింది.

"నడిసే అచ్చిన బిడ్డా. నువ్వు సూడలేదా?"

చూశాను. ఎవరడిగినా ఇప్పటికీ నా దగ్గరున్న జవాబు అదొక్కటే.